గినీపంది పన్ను, మూత్రాశయం: ప్రయోగశాల చూపు నుండి పెంపకందారు చూపు దాకా

వ్యాససంగ్రహం

ఇంట్లో గినీపందిని పెంచేవారు క్రమం తప్పక గమనించవలసిన అంశాలు మూడు: శరీరపు బరువు, పళ్ల స్థితి, మూత్రపు తీరు. ఈ మూడింటినీ మొదట పుస్తకాలకెక్కించింది ఆ జంతువు క్షేమం కోరినవారు కాదు. మనిషి ఆహారంలోని లోపాన్ని కొలవదలచినవారు. 1895 నాటి అమెరికా పరిశీలన నుండి క్రిస్టియానియా, లండన్, కూనూరు ప్రయోగశాలల మీదుగా సాగిన ఆ నమోదు చరిత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. గినీపంది పన్ను శాస్త్రానికి ఒక కొలమానంగా ఎదిగింది. మూత్రాశయం మాత్రం ప్రస్తావనగానే మిగిలింది. ప్రయోగశాల ఆ జంతువుకిచ్చిన ఆయువే ఆ జ్ఞానానికి హద్దు గీసిందన్నది ఇక్కడి ప్రతిపాదన.

కీలకపదాలు: గినీపంది, స్కర్వీ, విటమిన్ సి, కుంతకాలు, మూత్రాశయపు రాళ్లు, కూనూరు, పెంపుడు జంతువులు.

1. ఉపోద్ఘాతం

తెలుగు పత్రికల్లో "గినీపంది" అనే మాట కనిపించినప్పుడు అది తరచుగా జంతువును గురించి కాదు, మనిషిని గురించి. తన మేలు కోసం కాక పరుల ఎరుక కోసం తన శరీరాన్ని అప్పగించవలసి వచ్చినవారికి ఆ మాట నిందార్థంలో రూపకమైంది. నోబెల్ బహుమతుల చరిత్రలోనూ టీకాల చరిత్రలోనూ ఇన్నిసార్లు తారసపడే జంతువు, మన భాషలో ముందుగా ఒక ఆక్షేపణగా ప్రవేశించిందన్నమాట.

మాట నిర్మాణం కూడా వింతైనదే. సంస్కృత పదంతో తెలుగు పదం అడ్డదిడ్డంగా కలిస్తే మన వ్యాకర్తలు వైరిసమాసమన్నారు. ఇంగ్లీషు మాటలో సగాన్ని ఉన్నదున్నట్లుగా ఉంచి, మిగిలిన సగాన్ని అనువదించుకున్న ఈ సమాసానికి వారు పేరు పెట్టలేదు. పైగా ఇందులోని రెండు సగాలూ అసత్యాలే. ఆ జంతువు ఆఫ్రికాలోని గినీది కాదు, దక్షిణ అమెరికాది. అది పంది కాదు, ఎలుకలూ ఉడుతలూ చేరిన మూషిక వర్గానికి చెందినది. 1758లో లినేయస్ దీనికి పెట్టిన లాటిన్ పేరులోనూ "చిన్న పంది" అన్న అర్థం ఉంది కాబట్టి ఈ పొరపాటు ఇంగ్లీషువారిది మాత్రమే కాదు.

ఇటీవలి కాలంలో మన నగరాల్లోని పెంపుడు జంతువుల దుకాణాల్లో కుందేళ్లు, చిలుకల పక్కనే గినీపందులు కూడా అమ్ముడవుతున్నాయి. పిల్లల కోరిక మీద ఇంటికి వచ్చిన ఈ ప్రాణి నెలలు బాగానే ఉండి, ఒకనాడు మేత మానేస్తుంది. గడ్డం కింద చొంగతో తడుస్తుంది. లేదా మూత్రం పోసేటప్పుడు కీచుమని అరుస్తుంది. ఈ లక్షణాల వెనుక ఉన్నది ఏమిటో చెప్పగల జ్ఞానం నూరేళ్లకు పైబడినది. అది ఎక్కడ పుట్టింది, ఎందుకు పుట్టింది, ఏ మేరకు ఆగిపోయింది అన్నది తెలియకుండా దాన్ని నేటి పెంపకానికి అన్వయించడం కష్టం.

2. ఆండీస్ వంటిళ్లలో

ఆండీస్ పర్వత ప్రాంతపు ప్రజలు ఈ జంతువును వేల ఏళ్ల కిందటే మచ్చిక చేసుకున్నారు. అది చేసే శబ్దాన్ని బట్టి క్విచువా భాషలో దాన్ని "కుయ్" అంటారు. వంటింటి మూల, పొయ్యి వెచ్చదనంలో, కూరగాయల తొక్కులూ గడ్డీ తింటూ పెరిగే ఈ జంతువు అక్కడివారికి ప్రధానంగా మాంసాహారం. పెరూలోని కుస్కో ప్రధాన చర్చిలో మార్కోస్ సపాతా చిత్రించిన క్రీస్తు చివరి విందు చిత్రంలో బల్ల మీది పళ్లెంలో ఉన్నది కుయ్ అనే చాలామంది గుర్తిస్తారు.

అయితే మన విషయానికి ఇంతకన్నా ముఖ్యమైనది మరొక ఆచారం. ఆండీస్ గ్రామ వైద్యులు బతికి ఉన్న కుయ్‌ను రోగి శరీరమంతా తాకిస్తూ నిమురుతారు. ఆ తరువాత దాన్ని కోసి, లోపలి అవయవాలను పరిశీలించి రోగం ఎక్కడుందో చెబుతారు. జంతువు శరీరం ఇక్కడ మనిషి రోగాన్ని చదువుకునే పత్రం. తరువాతి కాలపు ప్రయోగశాలలకు ఈ ఆచారంతో చారిత్రక సంబంధమేదీ లేదు. కాని రెండు చోట్లా చూపు దిశ ఒకటే: జంతువును కోసి మనిషిని చదవడం. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల ఆసుపత్రుల్లో ఈ పోలిక మరీ స్పష్టంగా కనబడుతుంది. రోగి మూత్రపిండాల్లో క్షయ ఉందేమోనని అనుమానం కలిగితే, అతని మూత్రంలోని అడుగు మడ్డిని గినీపందికి ఎక్కించి, కొన్ని వారాలు ఆగి, దాన్ని కోసి చూసేవారు. అంటే గినీపంది మూత్రం సంగతి ఎవరూ పట్టించుకోకముందే, మనిషి మూత్రాన్ని పరీక్షించే పరికరంగా గినీపంది వైద్యశాలలో స్థిరపడింది.

పదహారవ శతాబ్దంలో ఈ జంతువు యూరప్ చేరింది. 1554 నాటికే కోన్రాడ్ గెస్నర్ దాన్ని వర్ణించాడు. 1580 ప్రాంతపు ఒక ఆంగ్ల చిత్రంలో ముగ్గురు పిల్లలలో నడిమి బాలిక చేతిలో గినీపంది కనిపిస్తుంది. కాబట్టి యూరప్‌లో అది ముందు పెంపుడు జంతువు, తరువాతే ప్రయోగ జంతువు. 1782-83 శీతాకాలంలో లావోజియే, లాప్లాస్‌లు గినీపందిని మంచు గది మధ్య ఉంచి, కరిగిన మంచును బట్టి దాని శరీరపు వేడిని లెక్కగట్టారు. ఆ ప్రయోగంలో జంతువు బతికే ఉంది. దాని తరువాతి ప్రయోగాలలో చాలావాటి గురించి ఆ మాట చెప్పలేం.

3. పచ్చిమేత లేని జంతువులు

స్కర్వీతో గినీపందికి ఉన్న సంబంధాన్ని చెప్పేటప్పుడు అందరూ 1907తో మొదలుపెడతారు. నా దృష్టిలో అంతకు పన్నెండేళ్ల ముందరి ఒక చిన్న పరిశీలనతో మొదలుపెట్టడం న్యాయం. అమెరికా పశు పరిశ్రమ విభాగంలో పనిచేసిన థియోబాల్డ్ స్మిత్ 1895 ప్రాంతంలో, గడ్డి గానీ క్లోవర్ గానీ క్యాబేజీ గానీ లేకుండా ధాన్యం, తవుడు మీద మాత్రమే ఉంచిన గినీపందులు చర్మం కింద రక్తం చిమ్మి చనిపోతున్నాయని గుర్తించాడు. ఇతర ప్రయోగాల కోసం పెంచుతున్న జంతువుల విషయంలో ఒక పెంపకందారు చేసిన గమనింపు ఇది. దానికి ఆయన స్కర్వీ అని పేరు పెట్టలేదు. ఇది మనిషి వ్యాధి కాదు, పెంపకపు ఇబ్బంది మాత్రమే అనుకోబట్టే కావచ్చు, ఆ వాక్యాలు ఒక ప్రభుత్వ నివేదికలో చాలాకాలం నిద్రపోయాయి.

నార్వే రాజధాని క్రిస్టియానియాలో ఆరోగ్యశాస్త్ర ఆచార్యుడు ఆక్సెల్ హోల్స్ట్‌ను వేధించిన ప్రశ్న నౌకల్లోని నావికుల జబ్బు. డచ్ తూర్పు ఇండీస్‌లో తెల్లబియ్యం తిన్న కోళ్లకు నరాల జబ్బు వస్తున్న ప్రయోగాలను ఆయన స్వయంగా చూసి వచ్చాడు. మొదట పావురాలతో ప్రయత్నించాడు. తరువాత శిశువైద్యుడు థియోడార్ ఫ్రోలిక్‌తో కలిసి గినీపందులను ఎంచుకున్నాడు. ధాన్యం, రొట్టె మీద ఉంచిన ఆ జంతువుల పళ్లు వదులయ్యాయి, చిగుళ్లు చెడ్డాయి, కీళ్ల చుట్టూ రక్తస్రావమైంది, ఎముకలు పెళుసుబారాయి. తాజా క్యాబేజీ, నిమ్మరసం తోడైతే ఇవేవీ రాలేదు. 1907లో వెలువడిన ఈ ఫలితాలు ఆహారంలో లోపించిన పదార్థం వల్ల వ్యాధి వస్తుందన్న ఆలోచనకు బలమైన ఆధారాల్లో ఒకటయ్యాయి.

ఈ ఎంపికలోని అదృష్టం ఎంతటిదో తరువాత గానీ తెలియలేదు. ఎలుక, పావురం, కుక్క తమకు కావలసిన విటమిన్ సి తామే తయారుచేసుకుంటాయి. మనిషి, వానరాలు, గబ్బిలాలలో అధిక భాగం, గినీపంది మాత్రం ఆ తయారీలోని చివరి మెట్టుకు అవసరమైన ఎంజైమును కోల్పోయాయి. హోల్స్ట్ ఎలుకలను ఎంచుకుని ఉంటే ఫలితమే వచ్చేది కాదు. ఈ ఒక్క జన్యులోపం మనిషికీ గినీపందికీ మధ్య చుట్టరికం కలిపింది. ఆ చుట్టరికానికి మూల్యం చెల్లించింది ఒకవైపే.

4. పన్ను ఒక దినచర్య పుస్తకం

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఈ జ్ఞానం అత్యవసరమైంది. 1916లో మెసపొటేమియాలో పోరాడిన భారతీయ సైనికుల్లో వేలమందికి స్కర్వీ సోకింది. తాజా కూరగాయలు చేరని ఎడారిలో వారికి ఏమి పంపాలన్నది సైన్యం ముందున్న ప్రశ్న. లండన్‌లోని లిస్టర్ సంస్థలో హారియెట్ చిక్, మార్గరెట్ హ్యూమ్ గినీపందుల మీద ఒక్కొక్క ఆహార పదార్థాన్నీ పరీక్షించారు. పప్పుధాన్యాలను నానబెట్టి మొలకెత్తిస్తే అంతకు ముందు లేని స్కర్వీ నిరోధక శక్తి వాటిలో పుడుతుందని తేల్చారు. మొలకెత్తిన శనగలు, పెసలు మన ఇళ్లకు కొత్త కాదు. వాటి విలువను అంకెల్లో చూపింది మాత్రం ఈ గినీపందులే. సంప్రదాయంగా నౌకాదళం వాడిన లైమ్ రసం, నిమ్మరసం కన్నా ఎంతో బలహీనమైనదని కూడా అక్కడే తేలింది.

ఆ ప్రయోగశాలల్లో ఓట్లు, తవుడు, అధిక ఒత్తిడి ఆవిరిలో వేడిచేసిన పాలు స్కర్వీ కలిగించే ఆహారంగా స్థిరపడ్డాయి. జంతువులను క్రమం తప్పక తూచేవారు. బరువు గీత పైకి పోతూ ఒక చోట నిలిచి, ఆపై కిందికి వంగితే లోపం మొదలైనట్టు. నేడు వంటింటి త్రాసు మీద గినీపందిని వారానికొకసారి తూచి నోటుబుక్కులో రాసుకునే ప్రతి పెంపకందారూ, తెలిసో తెలియకో, ఆ గీతనే మళ్లీ గీస్తున్నారు.

బరువు మందకొడి సాక్ష్యం. చనిపోవడం మరీ ఆలస్యమైన సాక్ష్యం. ఏ ఆహారంలో ఎంత విటమిన్ ఉందో తేల్చడానికి మూడు నెలల దాకా జంతువులను సాకవలసి వచ్చేది. త్వరగా మాట్లాడే అవయవం కోసం వెతికినవారికి పన్ను దొరికింది. జిల్వా, వెల్స్‌లు 1919లో అచ్చయిన పత్రంలో స్కర్వీ ఆహారం తిన్న గినీపంది పళ్లలోని గుజ్జులో కలిగే మార్పులను వర్ణించారు. బయటికి లక్షణాలు అంతగా తెలియని స్థితిలోనే పన్ను లోపల మార్పు మొదలవుతుందని చూపడం ఆ పత్రపు విశేషం.

దీనికి కారణం పన్ను పెరిగే తీరులో ఉంది. గినీపందికి మొత్తం 20 పళ్లు. పై దవడలోనూ కింది దవడలోనూ ముందు రెండేసి కుంతకాలు, రదనికలకు బదులు పెద్ద ఖాళీ, ఆ వెనుక ఒక్కో పక్కన నాలుగేసి దవడ పళ్లు. మనిషి పన్నుకు వేరు ముగుస్తుంది. గినీపంది పన్నుకు ఎన్నటికీ ముగియదు. 20 పళ్లూ బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి. కుంతకం మూలంలో డెంటిన్‌ను స్రవించే కణాలు ఒక వరుసగా నిలిచి ఉంటాయి. విటమిన్ సి అందినన్నాళ్లు ఆ వరుస సైనికుల బారులా నిటారుగా ఉంటుంది. అందకపోతే కొద్ది రోజుల్లోనే వరుస చెదిరి, డెంటిన్ పలుచబడుతుంది. పెరుగుతూ ఉండే పన్ను ఏ రోజు ఏమి తిన్నదీ తనలోనే రాసుకుంటూ పోతుంది.

స్వీడన్ వైద్యుడు ఆక్సెల్ హోయర్ 1924లో ఈ రాతను చదివే పద్ధతిని రూపొందించాడు. ఇంగ్లండులో కీ, ఎల్ఫిక్‌లు 1931లో దాన్ని సంఖ్యలతో కొలిచే పద్ధతిగా సవరించారు. జంతువుకు పరీక్షించదలచిన ఆహారాన్ని 14 రోజులు ఇవ్వాలి, ఆపై చంపి, కుంతకపు మూలాన్ని పలుచని పొరలుగా కోసి సూక్ష్మదర్శిని కింద చూడాలి, కణాల వరుస చెదిరిన మేరకు అంకె వేయాలి. మూడు నెలల పని రెండు వారాలకు తగ్గింది. ఈ హోయర్ అనంతర కాలంలో స్వీడన్ ఆరోగ్య శాఖకు అధిపతియై, 1950ల తొలి సంవత్సరాల్లో తిరువనంతపురం వైద్య కళాశాలలో పనిచేశాడు. గినీపంది పన్నుతో మొదలైన జీవితం కేరళ దాకా రావడం చరిత్రలోని చిన్న చిత్రాల్లో ఒకటి.

బోస్టన్‌లో వోల్బాక్, హోవ్‌లు 1926లో చేసిన పని ఇంకా లోతైనది. స్కర్వీలో కణాలు చావడం కాదు, కణాల మధ్య పట్టు నిచ్చే పదార్థం తయారు కాకపోవడం అసలు దోషమని వారు చూపారు. పళ్లు వదులు కావడం, పాత గాయాలు తెరుచుకోవడం, రక్తనాళాలు చిట్లడం అన్నీ ఆ ఒక్క దోషపు ముఖాలు. 1932లో హంగరీలోని సెగెడ్‌లో జెంట్ గ్యోర్గీ, స్విర్బెలీలు తాము వేరుచేసిన ఆమ్లాన్ని రోజుకు ఒక మిల్లీగ్రాము చొప్పున ఇచ్చి గినీపందులను స్కర్వీ నుండి కాపాడారు. విటమిన్ సి అదేనని తేలింది. అమెరికాలో కింగ్ కూడా అదే ఏడాది అదే నిర్ధారణకు వచ్చాడు. దాంతో రసాయనిక కొలతలు వాడుకలోకి వచ్చాయి. రంగు మారే ద్రావణంతో కొన్ని నిమిషాల్లో తేలే దానికి జంతువు పన్ను అంతగా అవసరం లేకపోయింది.

5. కూనూరు పరిశోధన: మూత్రాశయం వైపు ఒక చూపు

పన్ను ఇంత ప్రతిష్ఠ పొందుతున్న కాలంలోనే నీలగిరుల్లో మరొక అవయవం మీద చూపు పడింది. అప్పటి మద్రాసు రాజధానిలో, అంటే కోస్తాంధ్ర, రాయలసీమలు కూడా చేరిన పరిపాలనలో, కూనూరు పాశ్చర్ సంస్థలోని ఒక చిన్న గదిలో 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి పరిశోధన మొదలుపెట్టాడు. 1919లో ఆయన స్కర్వీ ఆహారం గినీపంది అవయవాల మీద చూపే ప్రభావాన్ని గురించి పత్రాలు ప్రకటించాడు. వాటిలో ఒకటి అడ్రినల్ గ్రంథుల మీద, మరొకటి మూత్రాశయం మీద. విటమిన్ లోపించిన గినీపందుల మూత్రాశయపు గోడలో రక్తం చేరి కమిలిపోవడం, రక్తస్రావం ఆయన గమనించాడు. స్కర్వీ అంటే చిగుళ్లు, కీళ్లు అనుకునే రోజుల్లో ఇది కొత్త చూపు. ఆహారలోపం కంటికి కనిపించే చోటనే కాక, ఎవరూ తెరిచి చూడని చోట కూడా పనిచేస్తుందన్నది ఆయన జీవితకాలపు వాదన.

ఆ తరువాత ఏం జరిగింది? మూత్రాశయపు రాళ్లు ఉత్తర, వాయవ్య భారతంలో పిల్లల్ని సైతం బాధించే జబ్బు. మెక్‌కారిసన్ 1920ల చివరలో ఆ సమస్యను చేపట్టాడు. అయితే ఈసారి ఆయన ఎంచుకున్న జంతువు గినీపంది కాదు, తెల్ల ఎలుక. విటమిన్ ఎ కొరవడిన, ఖనిజాల పొందిక చెడిన ఆహారంతో ఎలుకల్లో రాళ్లు పుట్టించి, పాలు వాటిని అరికడతాయని చూపి, 1931లో భారతదేశంలో రాళ్ల వ్యాధికి కారణాలను గురించి ఉపన్యసించాడు. స్కర్వీకి గినీపంది, రాళ్లకు ఎలుక అని పని పంపకం జరిగిపోయింది.

ఈ పంపకానికి కారణం ఊహించడం కష్టం కాదు. గినీపంది మూత్రం మనిషి మూత్రం వంటిది కాదు. గుర్రం, కుందేలు వంటి శాకాహార జంతువుల మాదిరిగా అది క్షారగుణం కలిగి, సున్నపు తేటలా మబ్బుగా ఉంటుంది. మేతలోని కాల్షియంలో ఎక్కువ భాగాన్ని పేగులు పీల్చుకుంటాయి, మిగులును మూత్రపిండాలు బయటికి పంపుతాయి. ఆరోగ్యంగా ఉన్న గినీపంది మూత్రంలోనూ కాల్షియం కార్బనేట్ స్ఫటికాలు ఉంటాయి. మనిషి రాళ్లకు నమూనా కోరేవారికి ఇది పనికిరాని జంతువు. పన్ను మనిషికి కావలసినదాన్ని కొలిచింది కాబట్టి పాఠ్యపుస్తకాలకెక్కింది. మూత్రాశయం గినీపందికి మాత్రమే సంబంధించినదాన్ని చెప్పింది కాబట్టి అక్కడే ఆగిపోయింది.

కూనూరు ప్రయోగశాల 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా మారింది. తార్నాకలోని ఆ ఆవరణ పక్కనుండి రోజూ ప్రయాణించే తెలుగువారిలో, దాని మూలాలు నీలగిరుల్లోని ఒక గదిలో ఉన్నాయని తెలిసినవారు కొద్దిమందే ఉంటారు.

6. పద్నాలుగు రోజులు, ఎనిమిది సంవత్సరాలు

ఇక ప్రధాన ప్రతిపాదనకు వస్తాను. హోయర్ పద్ధతిలో జంతువు ఆయువు 14 రోజులు. స్కర్వీ ప్రయోగాల్లో మహా అయితే మూడు నెలలు. ఇంట్లో పెంచిన గినీపంది ఐదు నుండి ఎనిమిదేళ్లు బతుకుతుంది. ఈ రెండు కాలాల మధ్య ఉన్న తేడాలోనే నేటి పెంపకందారు ఎదుర్కొనే జబ్బులు ఉన్నాయి.

పళ్ల విషయమే చూద్దాం. ప్రయోగశాల కుంతకపు మూలాన్ని కణ కణంగా చదివింది. కాని పెంపుడు గినీపందికి ప్రాణాంతకమయ్యేది ఎక్కువగా కుంతకం కాదు, వెనుక దవడ పన్ను. గడ్డిని గంటల తరబడి నమిలితేనే ఆ పళ్లు అరిగి సమంగా ఉంటాయి. మెత్తని గుళికల మేత మీద నెలలు గడిస్తే కింది దవడ పళ్లు లోపలికి వాలి, నాలుక మీదుగా వంతెనలా దగ్గరవుతాయి. పై పళ్లు బయటికి పెరిగి బుగ్గను కోస్తాయి. నాలుక కదలక జంతువు మింగలేకపోతుంది. మేత దగ్గరకు ఆత్రంగా వస్తుంది, నోట పట్టుకుంటుంది, వదిలేస్తుంది. ఇదంతా రెండు వారాల్లో జరిగే పని కాదు కాబట్టి ఏ అంకెల పట్టికలోనూ చేరలేదు. దీర్ఘకాలం విటమిన్ సి తగినంత అందక పళ్లను పట్టి ఉంచే కణజాలం బలహీనపడడం కూడా ఇందుకు ఒక కారణమని పశువైద్యులు భావిస్తారు. వోల్బాక్, హోవ్‌లు చెప్పిన దోషమే ఇక్కడ నెమ్మదిగా పనిచేస్తున్నదన్నమాట.

మూత్రాశయపు రాళ్ల సంగతి ఇంకా స్పష్టం. అమెరికాలో పెంగ్, గ్రిఫిత్, లాంగ్ 1990లో ప్రకటించిన పత్రం, ప్రయోగశాల మందలోనే వయసు మళ్లే దాకా ఉంచిన గినీపందుల్లో మూత్రాశయపు వాపునూ రాళ్లనూ నమోదు చేసింది. ముసలితనం వచ్చేదాకా బతకనిచ్చిన చోట రాళ్లు కనిపించాయి. ఆ రాళ్లు దేనితో చేసినవన్న ప్రాథమిక ప్రశ్నకు పెద్ద సంఖ్యలో నమూనాలతో సమాధానం 2009 దాకా రాలేదు. కాలిఫోర్నియా పశువైద్య పరిశోధకులు పరీక్షించిన గినీపంది రాళ్లలో అత్యధికం కాల్షియం కార్బనేట్‌వే. నూరేళ్లుగా ప్రయోగశాలల్లో లక్షల సంఖ్యలో వాడిన జంతువు విషయంలో ఈ సమాధానం పెంపుడు జంతువుల నుండి తీసిన రాళ్ల ద్వారా రావడం గమనించదగినది.

అయినా ప్రయోగశాల చరిత్ర పెంపకందారుకు ఏమీ ఇవ్వలేదనడం అన్యాయం. 1943లో హామ్రే, ఆమె సహచరులు పెన్సిలిన్ గినీపందులను చంపుతుందని కనుగొన్నారు. మందే విషమని కాదు. అది పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులను తుడిచిపెట్టడంతో హానికరమైనవి విజృంభిస్తాయి. 1940లో ఫ్లోరీ బృందం తొలి పరీక్షలను ఎలుకల మీద కాక గినీపందుల మీద చేసి ఉంటే పెన్సిలిన్ కథ అక్కడే ముగిసేదన్న మాట వైద్య చరిత్రకారులు తరచుగా అంటారు. నేడు మూత్రంలో రక్తం చూసి భయపడి, ఇంట్లో మిగిలిన అమాక్సిసిలిన్ మాత్రను నూరి పోసే పెంపకందారుకు ఈ 1943 నాటి సంగతి తెలియడం ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

7. చూపు దిశ మారినప్పుడు

పెంపకందారు చేయవలసిన గమనింపులో కొత్త పరికరమేదీ లేదు. మారింది ప్రయోజనం. వారానికొకసారి, అదే రోజు, వీలైతే అదే వేళ తూచి రాసుకోవాలి. పెద్ద గినీపంది బరువు సాధారణంగా 700 నుండి 1200 గ్రాముల మధ్య ఉంటుంది కాబట్టి ఒక్క అంకెతో పని లేదు, వరుసతోనే పని. దట్టమైన బొచ్చు కింద ఒళ్లు తగ్గడం కంటికి తెలియదు. పదోవంతు తగ్గిందని త్రాసు ముందుగా చెబుతుంది.

ముందు పళ్లు పెదవి తొలగించి చూడగలిగినవే. అవి తెల్లగా, సూటిగా, సమానంగా ఉండాలి. ఎలుక పళ్లలా పసుపు రంగులో లేవని కంగారు పడనక్కరలేదు. ముందు పళ్లు వంకరపోతే తప్పు వెనుక పళ్లలో ఉందని అనుమానించడం మేలు. వెనుక పళ్లను ఇంట్లో చూడడం సాధ్యం కాదు. నోరు ఇరుకు, బుగ్గల లోపలి మడతలు అడ్డం, పశువైద్యుడికి సైతం ప్రత్యేక పరికరమూ కొన్నిసార్లు మత్తుమందూ కావాలి. కాబట్టి ఇంటివారు చూడవలసింది పన్నును కాదు, తినే తీరును: గడ్డి వదిలి మెత్తనివే ఏరుకోవడం, నములుతూ తల విదిలించడం, గడ్డం తడి, పెంటికలు చిన్నవి కావడం.

మూత్రం విషయంలో జ్ఞానం లేమి రెండు వైపులా పొరపాటు చేయిస్తుంది. పరచిన గుడ్డ మీద ఎండాక మిగిలే తెల్లని పొడి సహజమే, అది జబ్బు కాదు. వేళ్ల మధ్య ఇసుకలా గరగరలాడితే మాత్రం వైద్యుడికి చూపాలి. కొన్ని మేతల వల్లా మూత్రం ఎరుపెక్కుతుంది కాబట్టి అది రక్తమో కాదో మూత్ర పరీక్ష పట్టీతో తేల్చుకోవాలి. ఆడ గినీపందిలో ఆ రక్తం మూత్రాశయం నుండి కాక గర్భాశయం నుండి రావచ్చు. మూత్రానికి వంగి కూర్చుని అరవడం, వెనుక భాగం ఎప్పుడూ తడిగా ఉండడం, చుక్కలు చుక్కలుగా పోయడం రాయికి గుర్తులు. మగ గినీపందిలో రాయి మూత్రనాళంలో చిక్కి మూత్రం పూర్తిగా ఆగిపోతే అది గంటల్లో ప్రాణం మీదికి వచ్చే స్థితి. కాల్షియం రాళ్లు ఎక్స్-రేలో తెల్లగా స్పష్టంగా కనిపిస్తాయి. శస్త్రచికిత్సతో తీసినా మళ్లీ ఏర్పడడం మామూలే.

మేత విషయంలో మన ప్రాంతపు ఒక అలవాటును ప్రస్తావించాలి. పాడి పశువులకు శ్రేష్ఠమని పేరున్న లూసర్న్ గడ్డి మన దగ్గర సులభంగా దొరుకుతుంది. పాలిచ్చే గేదెకు కావలసిన కాల్షియం అందులో పుష్కలం. ఆ కారణం చేతనే ఎదిగిన గినీపందికి అది రోజువారీ మేత కాకూడదు. ఎదిగే పిల్లలకూ చూలు తల్లులకూ మాత్రమే తగినది. ఎదిగినవాటికి పీచు ఎక్కువ, కాల్షియం తక్కువ ఉండే ఎండుగడ్డి ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. నీరు ధారాళంగా తాగాలి. విటమిన్ సి మామూలు రోజుల్లో కిలో బరువుకు రోజుకు 10 మిల్లీగ్రాములు, చూలుతో ఉన్నప్పుడు 30 దాకా అవసరం. గుళికల మేతలో కలిపిన విటమిన్ నిల్వలో నశిస్తూ పోతుంది, తాగే నీటిలో కలిపినది ఇంకా వేగంగా నశిస్తుంది. రోజూ ఒక ముక్క తాజా క్యాప్సికం పెట్టడం వీటన్నింటికన్నా సులువు.

కుక్కలకూ పశువులకూ అలవాటుపడిన మన పశువైద్యశాలల్లో చాలాచోట్ల గినీపంది ఇంకా అరుదైన రోగి. అలాంటి చోటికి జంతువును తీసుకువెళ్లేవారి చేతిలో ఆరు నెలల బరువుల పట్టిక, ఏ వారం గడ్డి తినడం తగ్గిందో, ఏ రోజు మూత్రం ఎర్రబడిందో రాసిన నాలుగు పంక్తులు ఉంటే, నోరు తెరిచి చూడాలా, ఎక్స్-రే తీయాలా అన్నది వైద్యుడు ఆ పూటే నిర్ణయించగలడు.